గుర్తింపు మారినా కొలువు మిగలాలి



మన ఇళ్లలో కొరియా పాటలు వినే పిల్లలకు బీటీఎస్ బృందం గురించి కొత్తగా చెప్పాల్సిన పని లేదు. ఆ ఏడుగురు గాయకులూ 2022 డిసెంబరు మొదలుకొని ఒకరి తర్వాత ఒకరు నిర్బంధ సైనిక సేవకు వెళ్లారు. 2025 జూన్ నాటికి అందరూ ఆ సేవ ముగించుకున్నారు. ప్రపంచమంతటా అభిమానులున్నా ఆ పిలుపును వాళ్లు తప్పించుకోలేదు, దేశమూ వాళ్లను వదిలిపెట్టలేదు. దక్షిణ కొరియాలో ఆరోగ్యంగా ఉన్న ప్రతి మగవాడూ సేవ చేయాల్సిందే. మరి మగబిడ్డగా నమోదై, తాను స్త్రీనని పెద్దయ్యాక గట్టిగా తెలుసుకున్న మనిషి సంగతేమిటి? ఆడబిడ్డగా నమోదై, కోర్టు ఉత్తర్వుతో పురుషుడిగా గుర్తింపు పొందిన వ్యక్తికి ఆ పిలుపు వస్తుందా? ఈ రోజు మీతో మాట్లాడదలచుకున్నది ఈ విషయం గురించే.

ముందుగా ఆ దేశం పరిస్థితి చూద్దాం. కొరియా యుద్ధంలో కాల్పులు 1953 జులై 27న ఆగాయి. విరమణ ఒప్పందం కుదిరింది గానీ, శాంతి ఒప్పందం మాత్రం నేటికీ కుదరలేదు. హైదరాబాద్‌కు భువనగిరి ఎంత దూరమో, రాజధాని సియోల్‌కు ఉత్తర కొరియా సరిహద్దు సుమారుగా అంతే దూరం. ఆ భయం నిత్యం ఉంటుంది కాబట్టే అక్కడ నిర్బంధ సైనిక సేవ ఇంకా కొనసాగుతోంది. దేశరక్షణ పౌరులందరి బాధ్యత అని రాజ్యాంగం 39వ అధికరణం చెబుతుంది. సైనిక సేవా చట్టానికి వచ్చేసరికి ఆ బాధ్యత రెండుగా చీలింది. పురుషులు తప్పనిసరిగా చేయాలి, స్త్రీలు ఇష్టపడితే చేరవచ్చు. ఈ తేడా సమానత్వానికి విరుద్ధమని పలువురు రాజ్యాంగ న్యాయస్థానం గడప తొక్కారు. 2010లోనూ, చివరిగా 2023లోనూ కోర్టు ఈ పద్ధతినే సమర్థించింది.

ఈ విభజన అమలయ్యేది ఒక అంకె మీద. మనకు ఆధార్ సంఖ్య ఉన్నట్టే అక్కడ ప్రతి పౌరుడికీ పదమూడు అంకెల నివాస నమోదు సంఖ్య ఉంటుంది. అందులో ఏడో అంకె బేసి అయితే పురుషుడు, సరి అయితే స్త్రీ. బ్యాంకులో, ఆసుపత్రిలో ఆ సంఖ్య అడుగుతారు. సైనిక పరీక్షకు ఎవరిని పిలవాలో తేల్చేదీ అదే. పంతొమ్మిదో ఏట బేసి అంకె వాళ్లకు నోటీసు వస్తుంది. ఎత్తు, బరువు, చూపు, రక్తం, మానసిక స్థితి అన్నీ పరీక్షించి ఏడు శ్రేణుల్లో ఒక శ్రేణి ఇస్తారు. మొదటి మూడు శ్రేణుల వాళ్లు సైన్యంలోకి వెళతారు. భూసైన్యంలో అయితే పద్దెనిమిది నెలలు, నావికాదళంలో ఇరవై, వైమానిక దళంలో ఇరవై ఒకటి. నాలుగో శ్రేణి వస్తే ప్రభుత్వ కార్యాలయాల్లోనో, సంక్షేమ కేంద్రాల్లోనో సేవ చేయాలి. ఐదో శ్రేణి వాళ్లను మామూలు రోజుల్లో పిలవరు, యుద్ధం వస్తే శ్రమకు పిలుస్తారు. ఆరో శ్రేణికి పూర్తి మినహాయింపు. ఏడో శ్రేణి వాళ్లకు కొంతకాలం తర్వాత మళ్లీ పరీక్ష. సేవ ముగిశాక మరో ఎనిమిదేళ్లు రిజర్వు దళంలో పేరు ఉంటుంది, శిక్షణకు పిలిచినప్పుడల్లా వెళ్లాలి.

ఈ అమరికలోకి ట్రాన్స్‌జెండర్ వ్యక్తి అడుగుపెడితే ఏమవుతుంది?

2006 జూన్ 22న దక్షిణ కొరియా సుప్రీంకోర్టు చరిత్రాత్మకమైన ఉత్తర్వు ఇచ్చింది. శస్త్రచికిత్స చేయించుకున్న ట్రాన్స్‌జెండర్ వ్యక్తి కుటుంబ నమోదు పత్రంలో తన లింగాన్ని సరిదిద్దుకోవచ్చని చెప్పింది. మనిషిగా గౌరవంగా బతికే హక్కు అందరిదీ అన్నదే ఆ ఉత్తర్వుకు ఆధారం. ఆ వెంటనే కింది కోర్టుల కోసం మార్గదర్శకాలు వచ్చాయి. వాటిలో షరతులు వరసగా పేర్చారు. వయసు ఇరవై దాటాలి, పెళ్లి అయి ఉండకూడదు, పిల్లలు ఉండకూడదు, శస్త్రచికిత్స జరిగి ఉండాలి, సంతానం కలిగే అవకాశం ఉండకూడదు. వీటితో పాటు ఇంకో షరతు పెట్టారు. పురుషుడిగా నమోదైన వ్యక్తి స్త్రీగా మారాలంటే ముందు సైనిక సేవ పూర్తి చేసి ఉండాలి, లేదా మినహాయింపు పొంది ఉండాలి.

ఈ షరతు ఒక మనిషి జీవితంలో ఎలా పనిచేస్తుందో ఆలోచించండి. నువ్వు స్త్రీవని ఒప్పుకుంటాం, కానీ ముందు మగవాడిగా సేవ చేసి రా అని ప్రభుత్వమే చెబుతోంది. బ్యారక్‌లో అందరితో కలిసి పడుకోవాలి, అందరితో కలిసి స్నానం చేయాలి. లోపల తాను ఎవరో దాచుకుంటూ ఏళ్లు గడపాలి. దాచలేనివాళ్లకు మిగిలిన దారి మానసిక వైద్యుల ధ్రువపత్రంతో మినహాయింపు అడగడం. చట్టం ఒక చేత్తో తలుపు తీసి, రెండో చేత్తో గడియ పెట్టింది. మానవ హక్కులు కోరేవాళ్లు ఈ షరతును గట్టిగా ప్రశ్నించారు, 2009లో దాన్ని తొలగించారు. మిగతా షరతులు ఆ తర్వాత ఒక్కొక్కటిగా సడలుతూ వచ్చాయి. 2020లో శస్త్రచికిత్స పత్రాలు తప్పనిసరి అన్న మాట పోయింది, అవి న్యాయమూర్తి పరిశీలించే ఆధారాలయ్యాయి. 2022 నవంబరులో, మైనర్ పిల్లలున్నారన్న ఒక్క కారణంతో దరఖాస్తును తోసిపుచ్చకూడదని సుప్రీంకోర్టు తేల్చింది. అయితే దీని కోసం పార్లమెంటు చేసిన ప్రత్యేక చట్టం అక్కడ లేదు. అందువల్ల ఒక జిల్లా న్యాయమూర్తి ఒప్పుకున్నదాన్ని పక్క జిల్లా న్యాయమూర్తి ఒప్పుకోకపోవచ్చు.

ఈ రోజు అక్కడ నిబంధన ఇలా ఉంది. కోర్టు ఉత్తర్వుతో స్త్రీగా మారిన వ్యక్తి పేరు సైనిక జాబితా నుంచి పోతుంది. పురుషుడిగా మారిన ట్రాన్స్ వ్యక్తి జాబితాలోకి వస్తారు గానీ, ఆయన దరఖాస్తు చేసుకుంటే శారీరక పరీక్ష లేకుండానే యుద్ధకాల శ్రమ విభాగంలో చేరుస్తారు. అంటే మామూలు రోజుల్లో సేవ ఉండదు. చూడటానికి ఇద్దరికీ సమస్య తీరినట్టే ఉంటుంది. అయితే కొరియాలో మగవాళ్లు కలుసుకుంటే మాటల్లో తొందరగా వచ్చే ప్రశ్న, ఏ దళంలో చేశావు, ఎక్కడ చేశావు అన్నది. ఉద్యోగానికి వెళ్లినా సేవ వివరాలు రాయాల్సి వస్తుంది. చేయలేదంటే ఎందుకు చేయలేదు అన్న ప్రశ్న వస్తుంది. ట్రాన్స్ పురుషుడు నిజం చెబితే తన గతమంతా పరాయివాళ్ల ముందు పరచాలి, చెప్పకపోతే సేవ ఎగ్గొట్టినవాడన్న ముద్ర పడుతుంది. సేవ ముగించాక స్త్రీగా మారిన వ్యక్తికి పాత సైనిక రికార్డే గతాన్ని బయటపెడుతుంది. కోర్టు ఇచ్చిన గుర్తింపును ఇంకో శాఖ రికార్డు ఇలా ప్రతిరోజూ వెనక్కి లాగుతుంటుంది.

కోర్టు దాకా ఇంకా వెళ్లని యువతీయువకుల పరిస్థితి మరింత కష్టం. పంతొమ్మిదేళ్లకు శస్త్రచికిత్సకు డబ్బు ఉండదు, ఇంట్లో చెప్పుకునే ధైర్యం ఉండదు. నోటీసు మాత్రం ఠంచనుగా వస్తుంది. 2023 డిసెంబరులో ఆ దేశ రక్షణ శాఖ ఒక ప్రతిపాదన తెచ్చింది. ఆరు నెలలకు పైగా హార్మోన్ చికిత్స తీసుకోని ట్రాన్స్ మహిళలను నాలుగో శ్రేణిలో పెట్టి సామాజిక సేవకు పంపాలన్నది దాని సారాంశం. ఎవరు నిజమైన ట్రాన్స్ వ్యక్తి అన్నది ఎన్ని నెలలు మందు తీసుకున్నారో లెక్కవేసి తేల్చాలన్న ఆలోచన ఇది. మందు కొనగలిగినవాళ్లకు ఒక న్యాయం, కొనలేనివాళ్లకు ఇంకో న్యాయం అవుతుంది.

ఇన్ని షరతుల వెనక ఒకే భయం ఉంది. సేవ తప్పించుకోవడానికి మగవాళ్లు లింగం మార్చుకుంటారేమో అన్న భయం. ప్రభుత్వానికి ఆ అనుమానం రావడంలో ఆశ్చర్యం లేదు. లక్షల మంది యువకులు చదువు మధ్యలో ఆపి వెళుతున్నప్పుడు, ఎవరో ఒకరు దొంగదారి వెతకవచ్చు. అలాంటివాళ్లను శిక్షించడానికి చట్టం ఉంది. సేవ ఎగ్గొట్టడానికి శరీరాన్ని గాయపరచుకున్నా, మోసం చేసినా ఏడాది నుంచి ఐదేళ్ల దాకా జైలు. మరి పద్దెనిమిది నెలల సేవ నుంచి బయటపడటానికి ఎవరైనా జీవితాంతం హార్మోన్లు తీసుకుంటారా? శస్త్రచికిత్సలు చేయించుకుని, కోర్టు మెట్లెక్కి, ఊరూ బంధువులూ దూరమైనా సరే అనుకుంటారా? మోసగాడు తేలికైన దారి వెతుకుతాడు, ఇంత ఖరీదు కట్టడు. ఆ అనుమానం భారం పడేది నిజాయితీగా దరఖాస్తు చేసినవాళ్ల మీదే.

ఆ భయం ఎంత తప్పుదారి పట్టిందో కొరియా ట్రాన్స్ సైనికురాలు బ్యున్ హీసూ జీవితం చూస్తే అర్థమవుతుంది. ఆమె 2017లో స్వచ్ఛందంగా సైన్యంలో చేరారు. హోదా స్టాఫ్ సార్జెంట్, పని యుద్ధట్యాంకు నడపడం. తన పరిస్థితి పై అధికారులకు చెప్పి, విదేశం వెళ్లడానికి అనుమతి తీసుకుని, 2019 నవంబరులో థాయిలాండ్‌లో లింగమార్పిడి శస్త్రచికిత్స చేయించుకున్నారు. తిరిగివచ్చి, మహిళా సైనికురాలిగా కొనసాగనివ్వండని కోరారు. సైనిక వైద్యులు ఆమెను పురుషుల ప్రమాణంతో కొలిచారు. పురుషాంగం లేకపోవడాన్ని మూడో శ్రేణి వైకల్యంగా లెక్కవేశారు. తొలగింపు నిర్ణయాన్ని వాయిదా వేయమని జాతీయ మానవ హక్కుల కమిషన్ ముందురోజే సూచించింది. అయినా 2020 జనవరి 22న ఆమెను తొలగిస్తున్నట్టు సైన్యం ప్రకటించింది.

అదే రోజు ఆమె యూనిఫాంలోనే విలేకరుల ముందుకొచ్చారు. అప్పటిదాకా ఆమె పేరు గానీ ముఖం గానీ ఎవరికీ తెలియదు. ఆ రోజు తన పేరు, హోదా చెప్పి, కన్నీళ్లు ఆపుకుంటూ సెల్యూట్ చేశారు. తనకు ఒక అవకాశం ఇవ్వమని కోరారు. ఆమె సెల్యూట్ చేస్తున్న ఫొటో కొరియా పత్రికల్లో వచ్చింది.

ఫిబ్రవరి 10న చోంగ్జు జిల్లా కోర్టు ఆమెను చట్టప్రకారం స్త్రీగా గుర్తించింది. అప్పటికే కొలువు పోయింది. ఆగస్టులో ఆమె తొలగింపు మీద దావా వేశారు. తొలగింపునకు చట్టబద్ధమైన ఆధారం లేదని ఆ ఏడాది చివర్లో మానవ హక్కుల కమిషన్ కూడా చెప్పింది. కానీ విచారణ మొదలయ్యేలోగా, 2021 మార్చి 3న ఆమె తన ఇంట్లో చనిపోయి ఉండగా చూశారు. ఆమెకు ఇరవై మూడేళ్లు కూడా నిండలేదు.

ఆమె తల్లిదండ్రులు దావాను కొనసాగించారు. 2021 అక్టోబరు 7న డేజాన్ జిల్లా కోర్టు తీర్పు చెప్పింది. శస్త్రచికిత్స జరిగిందనీ, లింగ నమోదు సవరణకు దరఖాస్తు చేశాననీ ఆమె సైన్యానికి ముందే తెలిపారు కాబట్టి, ఆమెను స్త్రీగానే పరిగణించి పరీక్షించాల్సిందని కోర్టు చెప్పింది. స్త్రీల ప్రమాణంతో చూస్తే ఆమెకు వైకల్యమేమీ లేదు. అందుచేత తొలగింపు చెల్లదు. ప్రభుత్వం దాని మీద అప్పీలుకు వెళ్లలేదు.

అంతటితోనూ ముగియలేదు. ఆమె సేవాకాలం 2021 ఫిబ్రవరి 28న పూర్తవుతుంది. మరణం ఫిబ్రవరి 27న జరిగిందని తర్వాత తేలింది. తొలగింపు చెల్లదు కాబట్టి ఆమె సైనికురాలిగానే మరణించినట్టు. అయినా 2022 డిసెంబరులో సైన్యం దాన్ని విధి నిర్వహణలో మరణంగా ఒప్పుకోలేదు. 2024 ఏప్రిల్‌లో ఒప్పుకున్నారు. 2024 జూన్ 24న డేజాన్ జాతీయ శ్మశానవాటికలో, దేశం కోసం పనిచేసినవాళ్ల సరసన ఆమెకు చోటు దొరికింది. బతికుండగా ఆమె అడిగింది సైన్యంలో చోటు. సేవ నుంచి పారిపోయేవాళ్లను పట్టుకోవడం కోసం అల్లిన వ్యవస్థ, సేవ చేయనివ్వమని వేడుకున్న మనిషిని బయటికి నెట్టింది.

ఇక లింగాన్ని చట్టప్రకారం మార్చుకునే అవకాశమే లేని దేశంలో ఎలా ఉంటుందో చూద్దాం. థాయిలాండ్‌లో ఏటా ఏప్రిల్‌లో ఇరవై ఒక్క ఏళ్ల మగవాళ్లకు లాటరీ జరుగుతుంది. బడుల్లో, జిల్లా కార్యాలయాల్లో చొక్కా విప్పి వరసల్లో కూర్చుంటారు. ఎత్తూ ఛాతీ కొలుస్తారు. తర్వాత డబ్బాలో చెయ్యిపెట్టి చీటీ తీయాలి. నల్ల చీటీ వస్తే ఇంటికి, ఎర్ర చీటీ వస్తే సైన్యానికి. బయట తల్లులు, అక్కచెల్లెళ్లు ఎదురుచూస్తుంటారు. ఆ వరసల్లోనే పొడవాటి జుట్టుతో, స్త్రీల దుస్తుల్లో ట్రాన్స్ మహిళలూ ఉంటారు. గుర్తింపు కార్డులో ఇంకా పురుషులే కాబట్టి రాకపోతే నేరం. డాక్టర్ పరీక్షించి వాళ్లను వేరు చేస్తాడు. ఒకప్పుడు వాళ్ల మినహాయింపు పత్రంలో శాశ్వత మానసిక రుగ్మత అని రాసేవాళ్లు. ఉద్యోగానికి ఆ పత్రం చూపించాలి, చూపిస్తే ఉద్యోగం రాదు. ఒక ట్రాన్స్ మహిళ దీని మీద పరిపాలనా న్యాయస్థానానికి వెళితే, 2011లో ఆ రాత చట్టవిరుద్ధమని తీర్పు వచ్చింది. ఆ మరుసటి ఏడాది నిబంధన మారింది. ఇప్పుడు పుట్టినప్పటి లింగానికీ ప్రస్తుత రూపానికీ పొంతన లేదన్న అర్థంలో రాస్తున్నారు. అవమానం తగ్గింది, నిజమే. అయినా ప్రతి ఏప్రిల్‌లోనూ వందల మంది ఎదుట నిలబడి తామెవరో నిరూపించుకునే బాధ తప్పలేదు.

జర్మనీలో ఇంకో తరహా. అక్కడ 2024 నవంబరు 1 నుంచి మనిషి తన లింగాన్ని సొంత ప్రకటనతోనే నమోదు చేయించుకోవచ్చు. కోర్టు అక్కర్లేదు, వైద్యుల పత్రాలు అక్కర్లేదు. ఇంత ఉదారమైన చట్టంలోనూ తొమ్మిదో సెక్షన్ ఒకటి ఉంది. యుద్ధ పరిస్థితి ప్రకటించడానికి ముందు రెండు నెలల్లోపు గానీ, ఆ పరిస్థితి నడుస్తుండగా గానీ పురుషుడి నమోదు మార్చుకుంటే, ఆయుధ సేవ విషయంలో ఆ వ్యక్తిని పురుషుడిగానే లెక్కిస్తారు. నిర్బంధ సేవను 2011లోనే నిలిపివేసిన దేశం కూడా ఈ అనుమానాన్ని చట్టంలో రాసిపెట్టుకుంది.

నార్వే వేరే దారి పట్టింది. 2015 నుంచి అక్కడ నిర్బంధ సేవ స్త్రీ పురుషులిద్దరికీ వర్తిస్తుంది. 2016లో లింగ నమోదును సొంత ప్రకటనతో మార్చుకునే చట్టం తెచ్చారు. ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. అక్కడ నమోదు మారినంత మాత్రాన సేవ బాధ్యత పెరగదు, తగ్గదు. ఎవరూ ఎవరినీ అనుమానించాల్సిన అవసరమే లేదు. డెన్మార్క్ కూడా 2025 జులై నుంచి యువతులను ఈ పరిధిలోకి తెచ్చింది. నిర్బంధ సేవ ఉండాలా వద్దా అన్నది వేరే చర్చ. ఉన్నంతకాలం మాత్రం అది మనిషి సామర్థ్యం మీద ఆధారపడాలి, పత్రంలోని అంకె మీద కాదు. నేను గట్టిగా నమ్మేది ఇదే.

మన దేశంలో నిర్బంధ సేవ లేదు కదా, మనకెందుకీ గొడవ అని ఎవరికైనా అనిపించవచ్చు. విశాఖపట్నం సంగతి గుర్తుచేసుకుందాం. 2010లో భారత నావికాదళంలో పురుషుడిగా చేరిన ఒక నావికురాలు, విశాఖలోని ఐఎన్‌ఎస్ ఏకశిలలో పనిచేస్తూ, సెలవులో శస్త్రచికిత్స చేయించుకున్నారు. 2017 అక్టోబరులో ఆమె సేవలు ఇక అవసరం లేదని నావికాదళం తొలగించింది. చేరినప్పటి లింగం మారిపోయిందన్నది కారణం. అప్పటికి నావికాదళంలో మహిళా అధికారులున్నారు గానీ, నావికుల హోదాలో స్త్రీలు లేరు. మగవారి వరసలో ఉండనివ్వలేదు, ఆడవారి వరస అంటూ లేదు. పదాధికార పట్టికలో ఆ మనిషికి గడి లేకపోయింది. ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల గుర్తింపును మన సుప్రీంకోర్టు 2014 ఏప్రిల్ 15న ఆమోదించిన మూడేళ్లకు జరిగిన సంగతి ఇది. 2022లో మహిళా అగ్నివీర్‌లు నావికాదళంలో అడుగుపెట్టారు. ఆ గడి ఇప్పుడు ఉంది. అది దొరకాల్సిన మనిషికి మాత్రం సమయానికి దొరకలేదు.

దీనికి పక్కనే ఇంకో ఉదాహరణ కూడా మన దగ్గర ఉంది. 2024 డిసెంబరులో హైదరాబాద్‌లో ట్రాఫిక్ సహాయకులుగా ట్రాన్స్‌జెండర్ వ్యక్తులను తీసుకున్నారు. గోషామహల్ మైదానంలో పరుగు, లాంగ్‌జంప్, షాట్‌పుట్ పరీక్షలు పెట్టారు. నెగ్గినవాళ్లు యూనిఫాం వేసుకుని కూడళ్లలో నిలబడ్డారు. పరిగెత్తగలవా, పని చేయగలవా అని అడిగారు, చేయగలమని చూపించారు. దేశ సేవ విషయంలోనూ అడగాల్సిన ప్రశ్నలు ఇవే.

కాబట్టి ఏ ప్రభుత్వమైనా మూడు పనులు చేయాలి. మొదటిది, లింగ గుర్తింపునకు సైనిక సేవను షరతుగా పెట్టకూడదు, సేవ కావాలంటే గుర్తింపు వదులుకోమనీ అనకూడదు. రెండోది, సేవలో ఉండగా మారినవాళ్లను కొత్త గుర్తింపు ప్రమాణంతోనే పరీక్షించి, పని చేయగలిగితే కొనసాగించాలి. డేజాన్ కోర్టు చెప్పింది అదే. ఆ తీర్పు రెండేళ్ల ముందు నిబంధనగా ఉండి ఉంటే, ఒక యువతి ఈపాటికి ట్యాంకు నడుపుతూ ఉండేది. మూడోది, పాత రికార్డు అవసరం లేని చోట బయటపడకుండా కాపాడాలి. యజమానికి కావాల్సింది పనిమంతుడు, అతని వైద్య చరిత్ర కాదు.

శ్రోతలారా, మన పిల్లల్లో, బంధువుల్లో, పక్కింట్లో ఇలాంటి యువతీయువకులు ఉంటారు. వాళ్లలో ఎవరికైనా ఖాకీ చొక్కా మీదో, నావికాదళం తెల్ల దుస్తుల మీదో మనసు ఉండొచ్చు. నీకెందుకమ్మా అవన్నీ అని వెనక్కి లాగకండి. దరఖాస్తు తెచ్చి ఇవ్వండి, పరుగు ప్రాక్టీసుకు తోడు వెళ్లండి. గడి లేదన్న సమాధానం వస్తే, ఎందుకు లేదని వాళ్లతో కలిసి అడగండి. అలా అడిగినవాళ్ల వల్లే కొరియాలో 2009లో సైనిక సేవ షరతు పోయింది, థాయిలాండ్‌లో ఆ అవమానకరమైన రాత చెరిగిపోయింది. అడిగితే మారుతుంది.